కొరడా మరచిన వేటగాడు

షాబాన్ నెల దగ్గరపడుతున్నకొద్దీ మద్రసాలలో పాఠాలు వేగం అందుకుంటాయి. రమజాన్ సెలవులకు ముందే గ్రంథాలు ముగించవలసి ఉంటుంది గనుక ఉపాధ్యాయునికీ తీరిక ఉండదు, విద్యార్థికీ ఉండదు. గడ్డిఅన్నారంలో మేము పాఠం చెప్పే గది ఒక ఇరుకు వీధిలో, రెండవ అంతస్తులో ఉంది. కిటికీ తెరిస్తే ఎదురింటి నీళ్ళ ట్యాంకు, దాని వెనుక మరొక ట్యాంకు, ఆ వెనుక కేబుల్ తీగలు కనిపిస్తాయి. చెట్టు కనిపించదు. ఆ గదిలో కూర్చుని ఈ సంవత్సరం కూడా మేము ‘హిదాయా’ గ్రంథంలోని వేట అధ్యాయం చెప్పడం మొదలుపెట్టాము. హిజ్రీ 593లో పరమపదించిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన ఈ ధర్మశాస్త్ర గ్రంథం మన దేశపు మద్రసాలలో తరతరాలుగా పాఠ్యాంశంగా ఉంది.

వేట అధ్యాయం మా విద్యార్థులకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. నమాజు, ఉపవాసం, జకాత్, వివాహం, క్రయవిక్రయాలు వారు కళ్ళారా చూసిన విషయాలు. శిక్షణ పొందిన కుక్కను వేట మీదికి వదలడం, డేగను ఎగరవేయడం, బాణం తగిలిన జంతువు కనుమరుగై తరువాత ఎక్కడో దొరకడం మాత్రం వారికి పుస్తకంలోనే ఉన్నాయి. కుక్క మూడుసార్లు వేటను పట్టి కూడా తినకుండా ఉంటే దానికి శిక్షణ పూర్తయినట్లు. డేగ అయితే పిలిచినప్పుడు తిరిగి రావాలి. ఇవన్నీ వారు కంఠస్థం చేస్తారు, పరీక్షలో వ్రాస్తారు, మరచిపోతారు.

ఆనాటి పాఠంలో ఒక సమస్య వచ్చింది. వేటగాడు గాయపడిన జంతువును ప్రాణంతో ఉండగానే చేరుకున్నాడు. జిబహ్ చేయడానికి చేతిలో సాధనం లేదు. చూస్తూ ఉండగానే అది చనిపోయింది. దాని మాంసం తినవచ్చునా? తినరాదని మా హనఫీ పండితుల ప్రసిద్ధ అభిప్రాయం. ఖమ్మం వైపు నుండి వచ్చిన ఒక విద్యార్థి పుస్తకం మీది నుండి తల ఎత్తి అడిగాడు: “హజ్రత్, వేటకని ఇంటి నుండి బయలుదేరినవాడు కత్తి ఎలా మరచిపోతాడు? పెళ్ళికి పోయేవాడు పెళ్ళికొడుకును మరచిపోతాడా?”

పిల్లలందరూ నవ్వారు. మేము నవ్వలేకపోయాము. సమాధానం చెప్పడానికి కూడా వెంటనే నోరు రాలేదు. “రేపు ఫజ్ర్ నమాజు తరువాత అందరూ సిద్ధంగా ఉండండి. ఈ పాఠం వేటస్థలంలోనే చెప్పుకుందాము” అని పుస్తకం మూసివేశాము.

హైదరాబాదు నగరంలో వేటస్థలం ఏమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. మా గడ్డిఅన్నారానికి పది కిలోమీటర్లకు మించని దూరంలో, విజయవాడ రహదారి ప్రక్కన, వనస్థలిపురంలో ఒకప్పుడు నిజాముల వేటభూమి ఉండేది. ఇప్పుడది మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం. జనం జింకల పార్కు అంటారు.

మరునాడు పన్నెండుమంది విద్యార్థులతో బయలుదేరాము. గడ్డిఅన్నారం పేరులో గడ్డి ఉన్నది గాని, ఊరిలో గడ్డి మొలిచే జానెడు నేల కూడా ఇప్పుడు మిగలలేదు. మేము ఇక్కడికి వచ్చిన కొత్తలో గడ్డి కనిపించిన ఒకే ఒక చోటు పండ్ల మార్కెట్టు. కొత్తపేట రోడ్డు మీద ఉన్న ఆ మార్కెట్టును నగరమంతా గడ్డిఅన్నారం మార్కెట్టు అనే పిలిచేది. వేసవి వస్తే మామిడికాయల లారీలు రాత్రంతా దిగేవి. కాయల క్రింద పరచిన ఎండుగడ్డి గాలికి లేచి మా వీధి దాకా వచ్చి, మస్జిదు మెట్ల మీద పడేది. మామిడి అయిపోగానే బత్తాయి వచ్చేది. మార్కెట్టు ఇటీవలి సంవత్సరాలలో నగరం వెలుపల బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో ప్రభుత్వం పెద్ద ఆసుపత్రి నిర్మాణం చేపట్టింది. మంచిదే. అయినా మామిడి ఋతువులో ఆ దారిన పోతున్నప్పుడు ముక్కు ఇప్పటికీ ఆ వాసన కోసం వెదుకుతూనే ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాము. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ వరకు మెట్రో వచ్చిన తరువాత మా ప్రాంతపు ప్రయాణాల తీరే మారిపోయింది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటుకుని, ఒకప్పుడు బస్సులో గంటసేపు చెమటోడ్చిన దారిని నిమిషాలలో ముగించి ఎల్.బి. నగర్‌లో దిగాము. అక్కడి కూడలిలో వాహనాల రొద గురించి వ్రాయవలసిన పని లేదు, చూసినవారికి తెలుసు. అక్కడి నుండి బస్సు ఎక్కి, ఆటోనగర్‌లో లారీలకు మరమ్మతులు చేసే దుకాణాలు దాటి, వనం ద్వారం వద్ద దిగాము. సుత్తి చప్పుడు, వెల్డింగు మెరుపు, డీజిల్ వాసన రోడ్డు మీదనే ఆగిపోయాయి. ద్వారం దాటి కొంత దూరం నడవగానే మా పిల్లలు ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించి మాట్లాడసాగారు.

ఈ వనం విస్తీర్ణం 3,758 ఎకరాలు. జైన తీర్థంకరుడైన వర్ధమాన మహావీరుని నిర్వాణానికి 2500 సంవత్సరాలు నిండిన సందర్భంగా 1975లో దీనికి ఆయన పేరు పెట్టారు. ఒకప్పుడు రాజులు వినోదం కోసం జంతువులను చంపిన నేలకు అహింసను బోధించిన మహనీయుని పేరు పెట్టడం మాకు ఎంతో ఉచితంగా తోచింది. ఇక్కడ మచ్చల జింకలు, అడవి పందులు, ముళ్ళపందులు, నెమళ్ళు ఉన్నాయి. కాని ఈ నేల అసలు యజమాని కృష్ణజింక. మా పల్లెలో పెద్దవారు ఇర్రి అనేవారు. మగదాని వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. కొమ్ములు తాడు పేనినట్లు మెలికలు తిరిగి పైకి పోతాయి. ఆడవాటి రంగు ఎండిన గడ్డి రంగు. అవి కదలకుండా నిలబడితే కళ్ళ ముందే ఉన్నా కనిపించవు.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ వేటలో పేరు మోసినవాడు. ముప్పైకి పైగా పులులను కొట్టినందుకు ఆయనను తీస్‌మార్ ఖాన్ అని జనం చెప్పుకునేవారు. ఆయన కొలువులోని ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ తీసిన వేట చిత్రాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. గుడారాలు, ఏనుగులు, తుపాకులు, వరుసగా నిలబడిన పరివారం, వారి కాళ్ళ ముందు పడివున్న పులి అందులో కనిపిస్తాయి. మేము చూసినంతలో ఆ చిత్రాలలో కత్తి పట్టుకున్న మనిషి ఎక్కడా కానరాలేదు. ఆ మనిషి సంగతి తరువాత చెబుతాము.

తుపాకులు రాకముందు కృష్ణజింకను చీతాతో వేటాడేవారు. చీతాను మచ్చిక చేసి, కళ్ళకు తొడుగు కట్టి, ఎద్దుల బండి మీద మైదానానికి తీసుకుని వెళ్ళేవారు. బండ్లకు అలవాటుపడిన జింకలు బెదరవు. తగినంత దగ్గరకు చేరాక తొడుగు తీసి వదిలేవారు. ‘హిదాయా’లో శిక్షణ పొందిన వేటజంతువుల వరుసలో కుక్క తరువాత వచ్చే ‘ఫహద్’ అనే అరబీ పదానికి అర్థం ఈ చీతాయే. మన దేశంలో చీతా అంతరించిపోయినట్లు 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుండి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో వనంలో వదిలారు. మా విద్యార్థులకు ఫహద్ అంటే ఆ వార్త ఒక్కటే తెలుసు. ఈ నేల మీద నిలబడి ఆ పదం చదివినప్పుడు గాని అది ధర్మశాస్త్రంలోకి ఎందుకు వచ్చిందో వారికి బోధపడలేదు.

ఒక వేపచెట్టు క్రింద కూర్చున్నాము. ఎదుట కొంత దూరంలో జింకల మంద మేస్తున్నది. అందులో ఒక పిల్ల తల్లిని విడిచి మా వైపు ముప్పై నలభై అడుగుల దాకా వచ్చి ఆగింది. సూరా మాయిదాలో విశ్వాసులను అల్లాహ్ వేట జంతువుల ద్వారా పరీక్షిస్తాడనీ, అవి వారి చేతులకూ ఈటెలకూ అందేంత దగ్గరకు వస్తాయనీ ఉంది. హుదైబియా ప్రయాణంలో ముస్లిములు ఇహ్రామ్ స్థితిలో ఉండగా ఈ పరీక్ష ఎదురైందని వ్యాఖ్యాతలు తెలియజేశారు. ఆ జింకపిల్లను చూపించి, అదే ప్రయాణంలో జరిగిన హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారి వృత్తాంతం మొదలుపెట్టాము. ఇది సహీహ్ బుఖారీలోనూ, సహీహ్ ముస్లింలోనూ ఉంది. ముందునాటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సహచరులతో మక్కా వైపు సాగుతున్నారు. మదీనా నుండి మూడు మజిలీల దూరంలో ఖాహా అనే చోటు ఉంది. సహచరులు ఇహ్రామ్‌లో ఉన్నారు. అబూ ఖతాదా (రజి) మాత్రం ఇహ్రామ్‌లో లేరు. ఇహ్రామ్‌లో ఉన్నవానికి నేలమీది జంతువుల వేట నిషిద్ధం. అబూ ఖతాదా తన చెప్పు కుట్టుకుంటూ కూర్చున్నారు. ఇంతలో సహచరులకు ఒక అడవి గాడిద కనిపించింది. వారు ఆయనకు చెప్పలేదు. చెప్పకూడదు. కాని ఆయన తనంత తాను చూస్తే బాగుండునని మనసులో కోరుకున్నారు. ఆయన తల ఎత్తారు, చూశారు. వెంటనే లేచి గుర్రానికి జీను వేసి ఎక్కి కూర్చున్నారు. అప్పుడు గుర్తుకు వచ్చింది, కొరడా నేలమీదే ఉంది, ఈటె కూడా నేలమీదే ఉంది!

ఆయన పేరుపొందిన రౌతు, యుద్ధాలలో ఆరితేరినవారు. అటువంటివారు వేట కంటబడగానే ఈటె మరచి గుర్రమెక్కారు. కత్తి ఎలా మరచిపోతారని అడిగిన ఖమ్మం అబ్బాయి వైపు చూశాము. అతడు తల దించుకుని నవ్వాడు. వేట వెంట పడినవానిని ఏమరుపాటు ఆవరిస్తుందని హదీసులో చెప్పబడింది. కళ్ళు జంతువు మీద నిలిచినప్పుడు చేతిలో ఏమున్నదో, ఏమి లేదో మనిషికి తెలియదు.

గుర్రం మీది నుండి ఆయన సహచరులను అడిగారు, ఆ కొరడా, ఆ ఈటె అందించమని. చేయి చాచితే అందే వస్తువులు. అందించడానికి క్షణం పట్టదు. వారు అల్లాహ్ మీద ప్రమాణం చేసి, ఈ విషయంలో నీకు ఏ సహాయమూ చేయము అన్నారు. అబూ ఖతాదాకు కోపం వచ్చింది. తానే దిగి, రెండూ తీసుకుని, మళ్ళీ గుర్రమెక్కి, జంతువును వెంబడించి పడగొట్టి తెచ్చారు. మాంసం వండుకుని అందరూ తిన్నారు. తిన్న తరువాత సహచరులకు సందేహం కలిగింది, ఇహ్రామ్‌లో ఉండి తినవచ్చునా అని. అబూ ఖతాదా ముందుకాలి మాంసం ఒకటి దాచి ఉంచారు. దైవప్రవక్త (స) వద్దకు చేరి విషయం విన్నవించారు. మీలో ఎవరైనా అతనిని వేటకు ప్రేరేపించారా, జంతువు వైపు సైగ చేశారా అని ఆయన (స) విచారించారు. లేదన్నారు. అయితే మిగిలినది తినండని అనుమతించారు. దాచి ఉంచిన భాగాన్ని తాము కూడా ఆరగించారు.

ఈ హదీసు ఆధారంగా పండితులు ఎన్నో శాసనాలు తీశారు. ఇహ్రామ్‌లో ఉన్నవాడు వేటను చూపించరాదు, సైగ చేయరాదు, ఆయుధం అందించరాదు. మా దృష్టి ఎప్పుడూ ఆ కొరడా మీదనే నిలుస్తుంది. వారికి మాంసం మీద కోరిక లేక కాదు. ఆయన చూస్తే బాగుండునని కోరుకున్నవారే. మనసులో పుట్టిన కోరికకు విచారణ జరగలేదు. చేయి కదిలిందా అన్నదే విచారించబడింది.

ఒక విద్యార్థి హజ్రత్ రాఫె బిన్ ఖదీజ్ (రజి) గారి హదీసు గుర్తు చేశాడు. రేపు శత్రువును ఎదుర్కొంటాము, మా వద్ద కత్తులు లేవు, రెల్లు బద్దతో జిబహ్ చేయవచ్చునా అని ఆయన అడిగారు. రక్తాన్ని ప్రవహింపజేసే ఏ సాధనమైనా సరే, అల్లాహ్ నామం ఉచ్చరించబడితే తినవచ్చునని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. పన్ను, గోరు తప్ప. అంటే కత్తి మరచినవానికి మార్గం పూర్తిగా మూసుకుపోలేదు. పదునైన రాయి దొరికినా చాలు. ఇక బిస్మిల్లాహ్ చెప్పడమే మరచిపోతే? మా హనఫీ మార్గంలో మరపు మన్నించబడుతుంది, కావాలని విడిచిపెడితే మాంసం నిషిద్ధమవుతుంది. ఇతర ఇమాముల అభిప్రాయాలు కొంత భిన్నంగా ఉన్నాయి. వాటి వివరం ఇక్కడ అవసరం లేదు.

తుపాకీ విషయం మాత్రం కొంచెం చెప్పాలి. బాణం పదునుతో గాయపరుస్తుంది, తుపాకీ గుండు దెబ్బ బలంతో చంపుతుంది. కాబట్టి గుండు దెబ్బకే చనిపోయిన జంతువు ధర్మసమ్మతం కాదనీ, ప్రాణం ఉండగా చేరుకుని జిబహ్ చేయాలనీ మన దేశపు హనఫీ పండితులలో అధికుల నిర్ణయం. అనుమతించిన పండితులూ ఉన్నారు. అధికుల నిర్ణయం వల్లనే నిజాము కాలపు వేటలలో కత్తి పట్టుకున్న మనిషి ఒకడు అవసరమయ్యేవాడు. తుపాకీ పేలగానే అందరికంటే ముందు పరుగెత్తవలసినవాడు అతడే.

మా దాదాగారు అటువంటి మనిషి. దేవరకొండ ప్రాంతంలోని మా ఊరి మస్జిదులో ఆయన నమాజు చేయించేవారు. 1948కి పూర్వం మాట. హైదరాబాదు నుండి అధికారులు వేటకు వచ్చినప్పుడు దొరగారి గడీ నుండి ఆయనకు కబురు వచ్చేది. కత్తిని గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని పోయేవారు. ఒకసారి అతిథులు గొప్పవారని దాదీగారు ఉతికిన బట్టలు ఇచ్చారు. పాత నడికట్టు విప్పి కొత్తది కట్టుకున్నారు. కత్తి పాత నడికట్టుతోపాటు దండెం మీదనే ఉండిపోయింది. అడవిలో ఇర్రి పడింది. దాదాగారు పరుగెత్తి వెళ్ళి దాని తల పట్టుకుని నడుము తడుముకున్నారు. వెంట వచ్చినవారి వద్ద గొడ్డలి ఉంది, అది తెచ్చేలోగా ప్రాణం పోయింది. నౌకరు ఒకడు చెవిలో చెప్పాడట: “ముల్లాగారూ, ఇప్పుడు కోసినా రక్తం వస్తుంది. ఎవరు చూడవచ్చారు?” దాదాగారు తిరిగి వచ్చి, అందరి ఎదుట, కత్తి మరచితిని, ఇది మనకు తగదు అని చెప్పారు. ఆ రాత్రి అధికారులు పప్పుతో రొట్టె తిన్నారు. దొరగారి మనుషులు మాంసం తిన్నారు. దాదాగారికి తిట్లు పడ్డాయి. మళ్ళీ ఏనాడూ గడీ నుండి పిలుపు రాలేదు. ఊరిలో ఆయనకు ‘కత్తి మరచిన ముల్లా’ అని పేరు స్థిరపడింది. చిన్నతనంలో ఆ పేరు వింటే మాకు సిగ్గుగా ఉండేది. ఆయన మాత్రం ఎవరైనా అలా పిలిస్తే పలికేవారు.

ఇంతవరకు చెప్పి మేము లేవవచ్చు. పిల్లలు కూడా లేవడానికి సిద్ధపడుతున్నారు. జింకపిల్ల ఎప్పుడో మందలో కలిసిపోయింది. కాని ముందునాడు ఆ ప్రశ్నకు మేము ఎందుకు నవ్వలేకపోయామో చెప్పకుండా లేస్తే ఆ పాఠం అబద్ధమవుతుందని తోచింది. చెప్పాము. ఇక్కడ కూడా చెబుతున్నాము.

పదిహేను పదహారేళ్ళ క్రితం ఒక చలికాలపు రాత్రి, పన్నెండు దాటిన తరువాత, గడ్డిఅన్నారంలోని మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. తెరిచి చూస్తే మా పూర్వ విద్యార్థి ఒకడు. వయసు ఇరవై రెండు ఉంటుంది. వీధి మలుపులో జీపు ఆగి ఉంది. అందులో మరి ముగ్గురు నలుగురు ఉన్నారు. జీపు పైన పెద్ద లైటు ఒకటి బిగించి ఉంది. “హజ్రత్, క్షమించండి, కత్తి మరచిపోయి వచ్చాము. మీ ఇంట్లో బక్రీద్ కత్తి ఉంది కదా, రేపు తెచ్చి ఇస్తాను” అన్నాడు. ఎక్కడికని అడిగాము. స్నేహితుడి తోటకు విందు అన్నాడు. అర్ధరాత్రి, తలపైన లైటు పెట్టుకుని, ఏ తోటకు పోతారు? మాకు అర్థమైంది. తనకు అర్థమైనట్లు మాకు తెలిసిందని అతనికీ అర్థమైంది. కృష్ణజింకను గాని, మరే వన్యప్రాణిని గాని వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని మాకు తెలియనిది కాదు. కృష్ణజింక విషయంలో శిక్ష మూడు నుండి ఏడేళ్ళ కారాగారం.

మేము లోపలికి వెళ్ళి కత్తి తెచ్చి ఇచ్చాము.

ఎందుకు ఇచ్చామో అప్పుడే మనసులో ఒక ఫత్వా సిద్ధం చేసుకున్నాము. వీరు ఎలాగూ పోతారు. కత్తి లేకుండా పోతే గుండు దెబ్బకు చచ్చినదాన్ని తింటారు. కత్తి ఇస్తే కనీసం జిబహ్ చేసి తింటారు, ఒక పాపమైనా తగ్గుతుంది. ఎంత చక్కని వాదన! ‘హిదాయా’ బోధించేవానికి వాదనలకు కొరత ఉండదు. ఖాహా మైదానంలో ఆ సహచరులకు ఇటువంటి వాదన తట్టక కాదు. గుర్రం మీద ఉన్నవాడు ఎలాగూ దిగి తీసుకుంటాడు, మనం అందిస్తే తేడా ఏమిటి అని వారు కూడా అనుకోగలరు. అనుకోలేదు.

మరునాడు అస్ర్ వేళకు కత్తి తిరిగి వచ్చింది. శుభ్రంగా కడిగి, కాగితంలో చుట్టి ఉంది. దానితోపాటు ఒక సంచిలో మాంసం. మా ఇల్లాలు సంచి చేతికి తీసుకుని “ఇది ఏమి మాంసమండీ?” అని అడిగింది. కానుక అన్నాము. “కానుక సరే, ఏ జంతువు?” అన్నది. మేము మాట్లాడలేదు. ఆమె కత్తిని వెలుతురులో పెట్టి చూసింది. పిడికీ అలుగుకూ మధ్య సందులో రెండు మూడు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి, ఎండుగడ్డి రంగువి. ఆమె సంచిని గుమ్మం బయట పెట్టి, “పేరు చెప్పలేని దానిని నేను పొయ్యి మీద పెట్టను. మీరే తీసుకుపోయి ఇచ్చి రండి” అన్నది. ఆమె మద్రసాలో చదవలేదు.

ఇచ్చి వచ్చాము. మాకు పడదు అని మాత్రమే చెప్పి ఇచ్చాము. తప్పు అని చెప్పలేదు, రాత్రి నేను ఇవ్వకుండా ఉండవలసింది అని కూడా చెప్పలేదు. ఆ సంవత్సరం బుఖారీ గ్రంథంలో అబూ ఖతాదా (రజి) గారి హదీసు వచ్చినప్పుడు పరంపర చదివి, అర్థం చెప్పి, వ్యాఖ్యానం లేకుండా తరువాతి హదీసుకు వెళ్ళిపోయాము. ఆ తరువాతి సంవత్సరం కూడా అంతే. గమనించిన విద్యార్థి ఎవరూ లేరు. పాఠాలు త్వరగా ముగించాలి కదా, అందరికీ సమ్మతమే.

వేపచెట్టు క్రింద పిల్లలు చాలాసేపు మౌనంగా ఉన్నారు. గురువు తన తప్పు చెబుతుంటే ఎటు చూడాలో వారికి తెలియలేదు. చివరికి ఖమ్మం అబ్బాయే అడిగాడు: “హజ్రత్, ఆ కత్తి ఇప్పుడు ఎక్కడ ఉంది?” ఇంట్లోనే ఉన్నదని చెప్పాము. ప్రతి బక్రీద్‌కూ దానితోనే ఖుర్బానీ చేస్తున్నాము. పిడి మార్పించాము. అతడు ఇంకేదో అడగబోయి ఆగిపోయాడు.

జుహర్ వేళ దగ్గరపడుతున్నది. తిరిగి బయలుదేరి ద్వారం దాటి రోడ్డు మీదికి వచ్చాక తెలిసింది, ‘హిదాయా’ సంపుటం వేపచెట్టు క్రిందనే ఉండిపోయిందని. పన్నెండుమందిలో ఒక్కరికీ గుర్తు లేదు. ఇద్దరు పిల్లలు కావలివానికి నచ్చజెప్పి, పరుగెత్తి వెళ్ళి తెచ్చారు. దాని అట్ట మీద చీమలు పాకుతున్నాయి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ప్రయాణంలో ఆయన వెంట ఉన్న యువకుడు చేపను బండ వద్ద మరచిపోయిన సంగతి సూరా కహఫ్‌లో ఉంది. ఆ మరపే వారు వెదుకుతున్న చోటికి గుర్తు అయింది. మెట్రోలో పిల్లలు ఆ ఆయతుల గురించి వాదించుకుంటూ వచ్చారు. మేము కిటికీ నుండి కొత్తపేటను చూస్తూ కూర్చున్నాము.

ఆ పూర్వ విద్యార్థి ఇప్పుడు దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి. ప్రతి ఈద్‌కూ తప్పకుండా ఫోను చేస్తాడు. ఇన్నేళ్ళలో ఆ రాత్రి గురించి ఇద్దరమూ ఒక్కమాట ఎత్తలేదు. ఈ వ్యాసం వ్రాయాలనుకున్నప్పుడు మొదట అతని అనుమతి తీసుకోవడం ధర్మమనిపించి మేమే ఫోను చేశాము. ఏమి వ్రాయబోతున్నామో చెప్పి, ఆనాడు కత్తి ఇచ్చినందుకు మమ్మల్ని క్షమించమని అడిగాము. అటు ప్రక్కన కొంతసేపు ఏమీ వినిపించలేదు. తరువాత అన్నాడు: “వ్రాయండి హజ్రత్, పేరు మాత్రం వద్దు. ఆ వేళ దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మీరు లేదని ఉంటే బహుశా ఇంటికే పోయి పడుకునేవాళ్ళమేమో. ఏమో, చెప్పలేను.”

ఆ తరువాత అతడు మా మోకాళ్ళ నొప్పి ఎలా ఉన్నదని అడిగాడు. మేము అతని పెద్దవాడి హిఫ్జ్ ఎంతవరకు వచ్చిందని అడిగాము. పదకొండవ పారా నడుస్తున్నదట.